కూర్చోనిచ్చే గుళ్లు, నడిపించే గుళ్లు: జపాన్ ఆలయ దర్శనంపై ఒక సమీక్ష

జపాన్‌లో ఆలయానికి పేరు ఎంత పెద్దదైతే అక్కడ కాసేపు నిలబడే వీలు అంత తక్కువ. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే యాత్ర తీరే మారిపోతుంది. క్యోటో నగరంలోనే సుమారు 1,600 బౌద్ధాలయాలు, జపాన్ సొంత మతమైన షింటోకు చెందిన 400 గుళ్లు ఉన్నాయని చెబుతారు. వాటిలో పదో ఇరవయ్యో మాత్రమే యాత్రికుల జాబితాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి కనుక జనమంతా వాటి మీదే పడతారు. "నాలుగు చూశాక అన్నీ ఒకేలా అనిపించాయి" అని తిరిగివచ్చినవారు చెప్పడం తరచుగా వింటూ ఉంటాం. వారు చూసినవాటి పేర్లు అడిగితే కారణం వెంటనే తెలిసిపోతుంది: అన్నీ నడిపించే గుళ్లే, కూర్చోనిచ్చిన గుడి ఒక్కటీ ఉండదు. ఈ సమీక్షలో నేను వాడుతున్న కొలబద్ద ఇదే. శిల్పం, చరిత్ర, ప్రాచీనత ఎలాగూ ఉంటాయి. చెల్లించిన రుసుముకూ వెచ్చించిన సమయానికీ తగిన దర్శనం దక్కిందా అన్నదే ఇక్కడ ప్రశ్న.

రుసుముల సంగతి ముందుగా చెప్పుకోవాలి. షింటో గుళ్లలో చాలావాటికి ప్రవేశం ఉచితం. బౌద్ధాలయాల్లో ఆవరణలోకి ఊరికే రానిచ్చినా, తోటకో ప్రధాన మందిరానికో విడిగా టికెట్ ఉంటుంది. ప్రసిద్ధమైన చోట్ల అది 500 యెన్‌ల చుట్టుపక్కల ఉంటుంది. విడివిడిగా చూస్తే ఇది పెద్ద మొత్తం కాదు గానీ, రోజుకు ఐదు గుళ్ల చొప్పున తిరిగే కుటుంబానికి బాగానే తగులుతుంది. కార్డులు తీసుకోని కౌంటర్లు ఇంకా ఉన్నాయి కనుక నాణేలు దగ్గర ఉంచుకోవడం అవసరం. హుండీలో వేయడానికి ఎలాగూ కావాలి.

నడిపించే గుళ్లకు మచ్చుతునక క్యోటోలోని కిన్‌కాకుజీ, అంటే స్వర్ణ మంటపం. 1950లో ఒక యువ సన్యాసి నిప్పు పెట్టడంతో పాత కట్టడం కాలిపోయింది; ఇప్పుడున్నది 1955లో తిరిగి కట్టినది. చెరువు గట్టున నిలబడి చూసే తొలి దృశ్యం నిజంగా అద్భుతం, దానిని కాదనలేం. పై రెండు అంతస్తుల బంగారు రేకు నీటిలో వణుకుతూ కనబడుతుంటే ఎవరికైనా నోట మాట రాదు. అయితే ఆ గట్టు మీద ఉన్నంతసేపూ వెనుకనుంచి జనం తోసుకొస్తూనే ఉంటారు, లోపలికి ప్రవేశం లేదు, అక్కడి నుంచి బయటి ద్వారం దాకా దారి ఒకే వైపు సాగుతుంది. ఒకసారి ముందుకు కదిలాక వెనక్కి వచ్చి మళ్లీ చూద్దామంటే కుదరదు. తీరిక లేనివారు కూడా అరగంట, ముప్పావుగంటలో బయటపడవచ్చు. 500 యెన్‌లకు ఒక గొప్ప ఛాయాచిత్రం దొరుకుతుంది, దానితోపాటు చేతికిచ్చే టికెట్ మామూలు చీటీ కాదు, నల్లసిరాతో అక్షరాలు, ఎర్ర ముద్రలు ఉన్న రక్షాపత్రం. చాలామంది దాన్ని తెలియక చెత్తబుట్టలో వేస్తారు. ఇంటికి తెచ్చుకోదగినది అదే.

అక్కడికి ఇరవై నిమిషాల నడక దూరంలోనే ర్యోఆన్‌జీ ఉంది. ఇక్కడి రాళ్ల తోటలో చూడడానికి ఏముందని అడిగితే జవాబు చెప్పడం కష్టం: సుమారు ఇరవై ఐదు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న నేల, దానిమీద గీతలు గీసిన తెల్లని గులకలు, పదిహేను రాళ్లు, అంతే. వరండాలో ఎక్కడ కూర్చున్నా ఆ పదిహేనింటిలో ఒక్కటైనా మరొకదాని వెనుక దాక్కుని ఉంటుంది. దీన్ని లెక్కపెట్టే ఆటగా తీసుకుని ఐదు నిమిషాల్లో లేచిపోయేవారు ఎక్కువ. కొంచెం ఓపిక పట్టి కూర్చుంటే మాత్రం చూపు రాళ్ల మీదనుంచి జరిగి వెనకనున్న మట్టిగోడ మీదికి పోతుంది. నూనె కలిపి పిసికిన మట్టితో కట్టిన ఆ గోడ నుంచి ఏళ్ల తరబడి నూనె ఊరి, గోధుమరంగు, తుప్పురంగు మరకలు పైకి తేలాయి. నా మట్టుకు నాకు ఆ తోటలో రాళ్లకన్నా ఆ గోడే బాగుంది. మార్చి నుంచి నవంబరు వరకు ర్యోఆన్‌జీ ఉదయం 8 గంటలకు తెరుస్తారు, కిన్‌కాకుజీ 9 గంటలకు. అందుకని ముందు ఇక్కడికి వచ్చి, ఆ తర్వాత స్వర్ణ మంటపానికి వెళ్లడం మేలు. పర్యాటక బృందాలు చేసేది దీనికి సరిగ్గా తిరగవేసి.

కూర్చోబెట్టడమే నియమంగా పెట్టుకున్న గుడి కూడా ఒకటి ఉంది. నాచు తోటకు పేరుపడ్డ సైహోజీకి ముందస్తు నమోదు లేకుండా వెళ్లలేం. విరాళం పేరిట తీసుకునే మొత్తం మిగతా గుళ్ల టికెట్లతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ తోటలోకి పంపే ముందు ప్రధాన మందిరంలో కూర్చోబెట్టి, కుంచె కలంతో బౌద్ధ సూత్రపాఠాన్ని రాయిస్తారు. జపాన్ లిపి రానివారికి ఇది దండగ అనిపించవచ్చు గానీ, లేత అచ్చుమీద దిద్దుకుంటూ పోవడమే కనుక ఎవరైనా రాయగలరు. పైగా ఆ కాసేపటిలో బస్సు తొందర, గడియారం ధ్యాస అన్నీ సద్దుమణిగి, తోటలోకి వెళ్లేసరికి అడుగు దానంతటదే నెమ్మదిస్తుంది. ఖరీదు ఎక్కువే, అయినా జనాన్ని పరిమితం చేయడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి నాకు తోచడం లేదు.

భారతదేశం నుంచి వెళ్లేవారు క్యోటోలో ఒక్కటంటే ఒక్క ఆలయమే చూడగలిగితే సంజూసన్‌గెన్‌దోనే చూడమంటాను. బయటినుంచి చూస్తే పొడవాటి గోదాములాగే ఉంటుంది, అందుకే చాలామంది దాటిపోతారు. సుమారు 120 మీటర్ల పొడవున్న ఈ కొయ్య మందిరాన్ని 1266లో తిరిగి నిర్మించారు. లోపల వెయ్యిన్నొక్క కన్నోన్ విగ్రహాలు, అంటే అవలోకితేశ్వరుడి సహస్రభుజ రూపాలు, మెట్లు మెట్లుగా బారులు తీరి ఉంటాయి. మధ్యన కూర్చున్న పెద్ద విగ్రహాన్ని 1254లో తన ఎనభై రెండో ఏట తంకేయి అనే శిల్పి పూర్తిచేశాడు. చెప్పులు విడిచి, చల్లని చెక్కనేల మీద నడుస్తూ, మసక వెలుతురులో ఆ బంగారు ముఖాలను చూసినప్పుడు కలిగే విస్మయం ఒక ఎత్తు. అసలు విశేషం ఆ వరుసల ముందు నిలబడిన ఇరవై ఎనిమిది మంది పరివార దేవతలు.

వీరిని గుర్తుపట్టడానికి మనకు గైడు అక్కర్లేదు. బొన్‌తెన్ అంటే బ్రహ్మ, తైషకుతెన్ అంటే ఇంద్రుడు, బిషమొన్‌తెన్ అంటే వైశ్రవణుడు, అంటే మన కుబేరుడే. మూడు తలలు, ఆరు చేతులతో అసురుడు ఉంటాడు. కరూర పేరుతో గరుత్మంతుడు ఉన్నాడు; పక్షిముక్కు, వీపున రెక్కలు, చేతిలో పిల్లనగ్రోవి, పాట మధ్యలో తాళం వేస్తున్నట్టుగా నిలిచిన పాదం. విష్ణువును మోసే గరుత్మంతుడిని మాత్రమే ఎరిగినవారు ఇక్కడ కదలకుండా నిలబడిపోతారు. ఇంకొంచెం ముందుకు పోతే వసు పేరుగల వృద్ధ ఋషి ఒకరు ఎముకలు తేలిన ఛాతీతో, కర్ర ఊతంగా నిలబడి కనబడతారు. ఆ విగ్రహం కళ్లలో స్ఫటికం పొదిగారు కనుక మనం పక్కకు జరిగినప్పుడల్లా చూపు కూడా మనతో జరిగినట్టు ఉంటుంది. లోపల ఫొటోలు నిషిద్ధం. ఈ నిషేధం మీద విసుక్కునేవారు ఉన్నారు, నేను మాత్రం దానికి కృతజ్ఞుడిని: ఫోన్లు సంచుల్లో ఉండబట్టే ఇక్కడ ఎవరూ ఎవరినీ పక్కకు తప్పుకోమనరు, విగ్రహాన్ని విగ్రహంగా చూస్తారు. లోపం చెప్పాలంటే, విగ్రహాలకు ఎదురుగా స్థిమితంగా కూర్చునే చోటు తగినంత లేదు. అయినా వెనుకనుంచి తోసేవారు లేరు కనుక ఎంతసేపైనా నిలబడవచ్చు.

నారా నగరంలోని తోదైజీ ఆలయపు పెద్ద బుద్ధుడి కథలోనూ ఒక భారతీయుడు ఉన్నాడు. 752లో ఈ కంచు విగ్రహానికి నేత్రోన్మీలనం చేసినది బోధిసేనుడనే భారతీయ భిక్షువు. 736లో జపాన్ చేరిన ఆయన కంటిపాప దిద్దుతున్నప్పుడు ఆ కుంచెకు కట్టిన దారాలను సభలోనివారు పట్టుకున్నారట, పుణ్యంలో అందరికీ పాలు దక్కాలని. ఆ విగ్రహం తర్వాతి కాలంలో భూకంపాలకూ మంటలకూ గురై, భాగాలు భాగాలుగా మళ్లీ పోతపోయించుకుంది. ఇప్పటి తల పదిహేడో శతాబ్దపు చివరిది. 1709లో పూర్తయిన ఇప్పటి మందిరం మొదటిదానికన్నా వెడల్పులో మూడోవంతు తక్కువ అని చదివి, తలెత్తి దాని దూలాల వైపు చూస్తే మొదటిది ఎంతటిదో ఊహకు అందదు. సుమారు పదిహేను మీటర్ల బుద్ధుడు ఎదుట ఉండగా చాలామంది దృష్టి మాత్రం వెనకవైపు స్తంభం మొదట్లో ఉన్న కన్నం మీద ఉంటుంది. అది బుద్ధుడి ముక్కుపుటమంత ఉంటుందనీ, అందులోంచి దూరి బయటికి వస్తే మంచి జరుగుతుందనీ నమ్మకం. పిల్లలకు అదొక సంబరం. పెద్దలు భుజాల దగ్గర ఇరుక్కుని, వెనుకనున్నవారి నవ్వుల పాలవడం కూడా అక్కడ తరచుగా కనిపించే దృశ్యమే. ఇక బయట తిరిగే జింకల గురించి ఒక్క మాట: అవి తల వంచి నమస్కరిస్తాయని ముద్దుగా చెబుతారు గానీ, బిస్కట్లు చేతిలో ఉన్నాయని తెలిస్తే పైటకొంగులు, పటాలు, కాగితాలు అన్నీ నోటికి అందుకుంటాయి.

షింటో గుళ్ల తీరు వేరు. అక్కడ మూలమూర్తి కంటబడడు. గర్భాలయం లోపల ఏముందో సామాన్య భక్తుడు చూసేది లేదు. ముఖద్వారమైన తోరీ దగ్గర తల వంచడం, దారి మధ్యలో కాకుండా పక్కగా నడవడం, నీళ్లతో ముందు ఎడమ చేయి, తర్వాత కుడి చేయి, ఆ తర్వాత నోరు కడుక్కోవడం, హుండీలో నాణెం వేసి రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు చరిచి, మరొకసారి వంగడం, దర్శనం అంటే ఇంతే. చప్పట్లు షింటో గుళ్లకే. బౌద్ధాలయంలో చేతులు జోడిస్తే చాలు. ఈ తేడా తెలియక బుద్ధుడి ముందు చప్పట్లు కొట్టే యాత్రికులు చాలామందే కనిపిస్తారు, అక్కడివారు చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

క్యోటోలోని ఫుషిమి ఇనారికి రుసుము లేదు, తలుపులు లేవు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ఎర్రని తోరీల వరుసల ఫొటో చూడనివారు ఉండరు. ఆ ఫొటో కోసం వచ్చినవారంతా మొదటి వంద మీటర్లలోనే ఆగిపోతారు. అక్కడి రద్దీ చూసి వెనుదిరిగితే ఈ గుడిని చూడనట్టే. కొండ ఎత్తు 233 మీటర్లే, దారి పొడవునా మెట్లు. సగం ఎత్తు ఎక్కి, ఊరు కనబడే కూడలి దాటేసరికి జనం పలచబడి, దారి పక్కన నాచుపట్టిన చిన్న చిన్న గుళ్లు, ఎర్ర గుడ్డ కట్టుకున్న రాతి నక్కలు, కొవ్వొత్తులమ్మే పాత దుకాణాలు మొదలవుతాయి. ఎక్కేటప్పుడు కేవలం ఎర్రగా కనబడిన స్తంభాల మీద, దిగేటప్పుడు నల్లని అక్షరాలు బయటపడతాయి: ఒక స్తంభం మీద దాత పేరు, రెండో దాని మీద ప్రతిష్ఠించిన తేదీ. దాతల్లో వ్యాపార సంస్థలే ఎక్కువ, ఇనారి సిరిసంపదల దేవత కనుక. ఇది కూడా నడిపించే గుడే, కాని ఇక్కడ నడకే దర్శనం. మన వెనుక ఎవరూ తోయరు, ఎక్కడ అలిసిపోతే అక్కడ కూర్చోవచ్చు. ఉదయం ఏడుకు ముందే చేరుకోగలిగితే దీనిని మించింది లేదు.

ఇసే మహాలయం గురించి యాత్రికుల్లో ఏకాభిప్రాయం లేదు. సూర్యదేవత అమతెరసు కొలువైన ఈ గుడి షింటోకు పరమ పవిత్రమైనది. ఇరవై ఏళ్లకోసారి పక్కనే ఉన్న ఖాళీ స్థలంలో ఆలయాన్ని మొత్తం కొత్త కొయ్యతో కట్టి, దేవతను అందులోకి తరలించి, పాతదాన్ని విప్పేస్తారు. గత తరలింపు 2013లో జరిగింది, తర్వాతిది 2033లో. ఇంత చదువుకుని వెళ్లినవారికి చివరికి కనబడేది నాలుగు కంచెలు, ఒక తెల్లని తెర, వాటి మీదుగా గడ్డికప్పు అంచు, అడ్డదూలాల కొనలు. మెట్ల మీదనుంచి ఫొటో తీయకూడదు. అంతదూరం వెళ్లి ఏమీ చూడలేదని నిరాశపడినవారిని నేను తప్పుపట్టలేను. అయితే కొయ్యవంతెన దాటి, ఇసుజు నది రేవులో చేతులు కడుక్కుని, ఆకాశాన్నంటే దేవదారుల మధ్య గులకల మీద నడిచే ఆ దారి కోసం వెళ్తే నిరాశ ఉండదు. కట్టడాలు చూడాలనుకునేవారికి ఇసే సరిపడదు, అంతే.

గోషుయిన్ గురించి చెప్పకపోతే ఈ సమీక్షలో లోటుంటుంది. గుళ్లలో 300 నుంచి 500 యెన్‌లకు ఇచ్చే చేతిరాత ముద్ర ఇది. అందుకోసం మడతలు మడతలుగా తెరుచుకునే ప్రత్యేక పుస్తకం కొనుక్కోవాలి. దర్శనం అయ్యాక, రాయవలసిన పుట తెరిచి అందించడం మర్యాద. రాసేవారు కుంచెను సిరాలో ముంచి, అంచున ఒత్తి, దైవం పేరునో మందిరం పేరునో ఊపిరి తిప్పుకోకుండా దించేస్తారు. తర్వాత ఎర్రముద్రలు ఒకదాని తర్వాత ఒకటి ఒత్తి, సిరా అంటకుండా పలచని కాగితం పరిచి పుస్తకం మూసి ఇస్తారు. రెండు నిమిషాల ఈ పని చూడడానికే ఆ డబ్బు చెల్లుతుంది. రద్దీ ఎక్కువైన గుళ్లలో ముందే రాసిపెట్టిన కాగితాలు ఇస్తున్నారు, అందులో ఆ ముచ్చట లేదు. మామూలు నోటుపుస్తకం చాచినవారిని సున్నితంగా తిప్పి పంపుతారు. గుడి మూయడానికి ముందే ఈ కౌంటర్లు మూసేసే చోట్లు కూడా ఉన్నాయి కనుక సాయంత్రం దాకా వాయిదా వేయకూడదు.

కోయాసాన్‌కు మాత్రం ఒక పగలు చాలదు, రాత్రి ఉండాలి. 816లో కూకాయి అనే ఆచార్యుడు షింగోన్ అనే బౌద్ధ సంప్రదాయానికి నెలవుగా ఏర్పరచిన ఈ కొండ ఊరిలో నూటికి పైగా మఠాలు ఉన్నాయి, వాటిలో యాభైకి పైగా యాత్రికులకు బస ఇస్తాయి. ఒసాకాలోని నాంబా నుంచి రైలు, ఆ తర్వాత నిటారుగా ఎక్కే కేబుల్ కారు, అక్కడి నుంచి బస్సు. రెండు పూటల భోజనంతో బసకు మనిషికి 10,000 యెన్‌ల నుంచి మొదలై 20,000 దాటే మఠాలు కూడా ఉన్నాయి. హోటల్ సౌకర్యాలు ఆశించి వెళ్తే ఈ ధర అన్యాయం అనిపిస్తుంది: గదికి గదికి మధ్య కాగితపు తలుపులు, చాలాచోట్ల ఉమ్మడి స్నానాల గది, సాయంత్రం ఐదున్నరకే భోజనం. నేను బస చేసిన ఒక మఠంలో, పేరు అనవసరం, కిరోసిన్ హీటరు వాసన రాత్రంతా వదల్లేదు, పక్కగదివారి గురక స్పష్టంగా వినబడింది.

అయినా తెల్లవారుజామున ప్రార్థనా మందిరంలో కూర్చున్నప్పుడు ఆ ధరకు అర్థం ఉందనిపించింది. కొన్ని మఠాల్లో అగ్నికార్యం కూడా జరుగుతుంది. దాన్ని గోమ అంటారు; అది మన హోమమే, షింగోన్ ద్వారా అక్కడికి చేరింది. ఆచార్యుడు సమిధలు పేర్చి నిప్పు రాజేసి, మంత్రం చదువుతూ నూనె వేయగానే మంట ఎగసిపడుతుంది, ఢంకా మోగుతుంది. ఆ మంత్రాల సంస్కృతం జపనీయుల నోట చాలా మారింది. ఐనా చెవి ఒగ్గి వింటే అక్కడక్కడా ఓ పదం అందుతుంది.

ఆ ఊరి చివరనున్న ఒకునోయిన్ శ్మశానవనంలో రెండు లక్షలకు పైగా సమాధులు ఉన్నాయి. దేవదారుల నీడలో రెండు కిలోమీటర్ల దారి పొడవునా ఐదు అంచెల రాతి స్తూపాలు నిలబడి ఉంటాయి: కింద ఘనం, దానిపై గోళం, ఆపైన గోపురంలాంటి కప్పు, అర్ధచంద్రం, కొసన రత్నాకారం. ఇవి పంచభూతాలు. ఒక్కో అంచె మీద సిద్ధమాతృక అనే పాత భారతీయ లిపిలో ఒక్కో అక్షరం చెక్కి ఉంటుంది, కిందినుంచి పైకి అ, వ, ర, హ, ఖ. నాచు తొలగిన రాళ్ల మీద ఆ అక్షరాలను వేలితో పోల్చుకోవచ్చు. దారి కొసన ఉన్న వంతెన దాటాక ఫొటోలు, తినడం, తాగడం నిషిద్ధం. ఆవల మందిరంలో కూకాయి 835 నుంచి ధ్యాన సమాధిలోనే ఉన్నాడని నమ్మిక, అందుకే రోజుకు రెండుసార్లు, ఉదయం ఆరుకూ పదిన్నరకూ, ఆయనకు భోజనం తీసుకువెళ్తారు. పసుపు వస్త్రాల్లో ఉన్న భిక్షువులు పెట్టె భుజాన మోస్తూ వంతెన దాటుతారు. ఆ వేళకు అక్కడ ఉండేలా చూసుకోవాలి.

శాకాహారులకు జపాన్‌లో భోజనం పెద్ద చిక్కు, ఎందుకంటే కూరల్లో, పులుసుల్లో, చివరికి ఆకుకూరల్లో కూడా చేపల రసం కలుస్తుంది. కోయాసాన్ మఠాల్లో వండే షోజిన్ భోజనంలో మాంసం, చేప లేవు, ఉల్లి వెల్లుల్లి లేవు. పులుసుకు సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులు వాడతారు. నువ్వులతో చేసే మెత్తని ముద్ద, గడ్డకట్టించి ఎండబెట్టిన సోయా పనీరు ఈ ఊరి ప్రత్యేకతలు. కారం పులుపులు అలవాటైన నాలుకకు మొదటి పూట చప్పగానే తోస్తుంది, రెండో పూటకు ఒక్కో గిన్నె రుచి విడిగా తెలుస్తుంది. శరత్కాలపు ఎర్రాకుల రోజుల్లో గదులు నెలల ముందే అయిపోతాయి. శీతకాలంలో సులభంగా దొరుకుతాయి గానీ ఆ ఎత్తులో మంచు పడుతుంది, ఉదయపు ప్రార్థనకు చెప్పులు లేకుండా చెక్కనేల మీద నడవాలి కనుక మందపాటి మేజోళ్లు తప్పనిసరిగా తీసుకువెళ్లాలి.